చిన్నప్పటి దెబ్బలకు మాత్రలు మేలా, మాటలు మేలా?

"సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాలా, కౌన్సెలర్ దగ్గరికా?" మా అమీర్‌పేట హాస్టల్లో ఇప్పటికి నలుగురు అడిగారు. అందరూ ఇరవై దాటినవాళ్ళే, ఇంట్లో దెబ్బలు తిని పెరిగినవాళ్ళే. మేనేజర్ గొంతు పెంచితే చేతులు వణుకుతాయి. గేటు గడియ చప్పుడైతే ఉలిక్కిపడతారు. తప్పు లేకపోయినా సారీ చెప్పేస్తారు. నేనూ అంతే.

"దెబ్బలు తినందెవరు?" అంటారు పెద్దవాళ్ళు. నిజమే. 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించిన సర్వేలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు కొట్టారనే చెప్పారు. అందరూ తిన్నారు కాబట్టి అందరికీ మానిపోయిందని కాదుగా.

నిద్ర పట్టక ఆఫీసుకే వెళ్ళలేకపోతుంటే ముందు సైకియాట్రిస్టే. నాకు మాత్రలతోనే నిద్ర తిరిగొచ్చింది. అవి పని చేయడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, మధ్యలో సొంతంగా ఆపొద్దు. కానీ నాన్న ఫోన్ చేస్తే కడుపులో తిప్పడం మాత్రం పోలేదు. పాత గాయాలు పదేపదే గుర్తొచ్చి వేధించే పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ముందు వరసలో పెట్టింది కూడా మందుల్ని కాదు, సీబీటీ (ఆలోచనల తీరు మార్చేది), ఈఎండీఆర్ (కళ్ళు కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలుచుకునేది) లాంటి థెరపీలనే.

అయితే థెరపీలో నాకు తేడా తెలిసింది భాష దగ్గర. మాదాపూర్‌లో మొదట కలిసినావిడతో అంతా ఇంగ్లీషే. "మై ఫాదర్ యూజ్డ్ టు హిట్ మీ" అన్నాను, ఎవరిదో కథ చెప్పినట్టు. నాలుగు సెషన్లూ అలాగే గడిచాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో ఆవిడ తెలుగులో, "అప్పుడు అమ్మ ఎక్కడుండేది?" అని అడిగారు. "తలుపవతల" అన్నాను. ఆ తర్వాత పావుగంట మాట రాలేదు.

అందుకే ఫీజు కన్నా ముందు ఫోన్లో ఇదే అడగండి: తెలుగులో బదులిస్తారా? ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అనీ అడగండి. "మీ మంచికే కొట్టారులే" అన్నారా, లేచి వచ్చేయండి.

డబ్బు కష్టమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అర్ధరాత్రి భరించలేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. థెరపీ యాప్‌లంటారా, ముగ్గురుండే గదిలో ఇవన్నీ ఎలా మాట్లాడతాం?

నా మాత్రల్ని డాక్టరే మెల్లగా తగ్గించి ఆపించారు. గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉన్నాను.