చనుమొన మీద పొలుసులు: ఎగ్జిమానా, పాజెట్స్ జబ్బా?

చనుమొన దగ్గర చర్మం ఎర్రబడి, పొలుసులు రాలుతూ దురద పెడుతుంటే చాలామంది ఎగ్జిమా అనుకుంటారు. ఎక్కువసార్లు అది నిజమే. కానీ 1874లో జేమ్స్ పాజెట్ అనే సర్జన్ వివరించిన అరుదైన రొమ్ము క్యాన్సర్ కూడా పైకి అచ్చం అలాగే ఉంటుంది. క్రీములు మార్చుకుంటూ నెలలు గడిపేయడం, అదీ నన్ను బాధపెట్టే విషయం.

ఎగ్జిమా తరచూ రెండు వైపులా వస్తుంది. మొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం మీద మొదలై, చాలాసార్లు మొనను వదిలేస్తుంది. పాజెట్స్ దాదాపు ఎప్పుడూ ఒకవైపే. మొన మీదే మొదలై వలయం వైపు పాకుతుంది. మొన చదునుగా అయిపోవడం, లోపలికి లాక్కుపోవడం, లోదుస్తుల మీద రక్తపు మరక కనబడటం దీని వైపే వేలు చూపుతాయి. చేతికి గడ్డ తగలలేదని ధీమా పడొద్దు, చాలామందిలో తగలదు. మగవాళ్లకూ రావచ్చు.

స్టెరాయిడ్ క్రీముతో ఎగ్జిమా సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. చిక్కేమిటంటే, పాజెట్స్ కూడా కొన్నాళ్లు తగ్గినట్టే కనిపిస్తుంది. కాబట్టి తగ్గి మళ్లీ అక్కడే వచ్చిందంటే డాక్టర్‌ని బయాప్సీ గురించి సూటిగా అడగండి. మత్తు సూది ఇచ్చి కొన్ని మిల్లీమీటర్ల చర్మం తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. పాజెట్స్ అయితే పెద్దగా, పాలిపోయినట్టుండే కణాలు కనిపిస్తాయి. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) కూడా తీయాలి, ఎందుకంటే పాజెట్స్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రొమ్ము లోపల కూడా క్యాన్సర్ ఉంటుంది. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా బయాప్సీ మానేయకూడదు.