ఆర్‌సెటి ఊరగాయల కోర్సు: వంట కన్నా లెక్కల క్లాసు ముఖ్యం

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో (ఆర్‌సెటి) ఊరగాయలు, అప్పడాలు, మసాలా పొడుల కోర్సు పది రోజులు. ఫీజు లేదు, భోజనం, బస ఉచితం. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థ వీటికి మూలం.

ఆవకాయ కలపడం వచ్చినవాళ్లకు వంట భాగంలో కొత్త సంగతులు తక్కువే. వ్యాపార పాఠాలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. రింగులు విసిరే ఆట ఆడిస్తారు: దగ్గర నుంచి వేస్తే తక్కువ మార్కులు, దూరం నుంచి వేస్తే ఎక్కువ. ఎంత దూరంలో నిలబడాలో మీరే తేల్చుకోవాలి. మీరు రిస్కును ఎలా అంచనా వేస్తారో అక్కడే బయటపడుతుంది. మెక్లెలాండ్ అనే మనస్తత్వవేత్త 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో ఇప్పించిన ప్రేరణ శిక్షణ కూడా ఈ కోవలోదే.

ధర కట్టే పాఠం ఇంకా విలువైనది. ఉదాహరణకు కిలో పచ్చడికి సరుకులు 180, సీసా, లేబుల్ 25, రవాణా 10, మీ కూలి 40, మొత్తం 255 రూపాయలు. చాలామంది తమ కూలి వదిలేసి 215 అనుకుంటారు. 320కి అమ్మినా, కొట్టువాడు 20 శాతం తీసుకుంటే చేతికొచ్చేది 256. మిగిలేది ఒక్క రూపాయి!

లోను కోసం బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు దగ్గర గట్టిగా నిలబడండి. అచ్చు నమూనాలో వర్కింగ్ క్యాపిటల్ (సరుకులకు, నడిపే ఖర్చులకు కావాల్సిన డబ్బు) ఒక నెలకు వేస్తే మామిడి పచ్చడికి చాలదు. కాయ వేసవిలోనే దొరుకుతుంది, కారం, నూనె కూడా అప్పుడే కొనాలి, అమ్మకం ఏడాదంతా సాగుతుంది. ఈ తేడా రాయకపోతే లోను వచ్చినా జూన్ కల్లా చేతిలో డబ్బుండదు. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోను పథకానికి వెళ్తే సబ్సిడీ వెంటనే చేతికి రాదనీ, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుందనీ లెక్కలో పెట్టుకోండి.

శిక్షణ తర్వాత రెండేళ్లు తోడ్పాటు ఇవ్వాలన్నది నియమం. ఫోన్‌లో బాగోగులు అడిగితే సరిపోదు. అమ్మకాల పుస్తకం, బకాయిల జాబితా ముందు పెట్టి, కొట్లవాళ్లకు ఎన్ని రోజుల అరువు ఇవ్వవచ్చో ఫ్యాకల్టీతో కూర్చుని తేల్చుకోండి. ఆ పని మూడో నెలలోనే పెట్టుకోవడం మంచిది, ఆరో నెలకు అరువు మొండి బకాయిగా మారుతుంది.