డీప్ స్కై ఫోటోలకి పీహెచ్‌డీ2, సిరిల్: పైసా ఖర్చు లేని జోడీ

డీప్ స్కై అంటే గెలాక్సీలు, నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) లాంటి సుదూర వస్తువులు. వాటి ఫోటోల కోసం మౌంట్ (టెలిస్కోప్‌ని నక్షత్రాల వెంట తిప్పే స్టాండ్), టెలిస్కోప్ కొనేసరికే జేబు ఖాళీ అయిన వాళ్ళకి ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ నిజంగా వరం, రెండూ పూర్తిగా ఉచితం.

గైడింగ్‌కి, అంటే మౌంట్ నక్షత్రాల వెంటే కచ్చితంగా తిరిగేలా చూడడానికి, పీహెచ్‌డీ2. చిన్న గైడ్ కెమెరా నక్షత్రాలని చూస్తూ ఉంటుంది, అవి కాస్త పక్కకి జరగగానే సాఫ్ట్‌వేర్ మౌంట్‌ని సర్దుతుంది, దాంతో ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్లో కూడా చుక్కలు చుక్కల్లానే ఉంటాయి, గీతలు పడవు. నాకు బాగా నచ్చింది డ్రిఫ్ట్ అలైన్ టూల్. మౌంట్ ఇరుసుని ఆకాశ ధ్రువం వైపు సరిగ్గా పెట్టాలి, మామూలుగా దానికి ధ్రువ నక్షత్రాన్నే చూస్తారు. హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఎదురుగా అపార్ట్‌మెంట్ ఉంటే ఇక కనపడదు. అప్పుడు దక్షిణాన ఒక చుక్క, తూర్పునో పడమరనో ఇంకో చుక్క పట్టుకుని మౌంట్‌ని సరిచేసుకోవచ్చు. నక్షత్రం ఎంత జరుగుతోందో చూపే గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉందని టెన్షన్ పడి సెట్టింగులు కెలకొద్దు, ముందు గైడింగ్ అసిస్టెంట్ (మౌంట్ తీరు కొలిచి సెట్టింగులు సూచించే టూల్) రన్ చేసి అది చెప్పింది వినండి.

ప్రాసెసింగ్‌కి సిరిల్. లైట్లు (అసలు ఆకాశం ఫోటోలు), వాటిలో కెమెరా, లెన్స్ లోపాలు తీసేయడానికి తీసే డార్కులు, ఫ్లాట్లు, బయాస్‌లు వేరువేరు ఫోల్డర్లలో పెట్టి స్క్రిప్ట్ నడిపితే స్టాకింగ్, అంటే ఫోటోలన్నీ కలిపి ఒకటి చేయడం, అదే చేసేస్తుంది. తెర అంతా నల్లగా కనిపిస్తే కంగారు పడకండి, ఆటోస్ట్రెచ్ వ్యూ (మసక వివరాల్ని వెలుగు పెంచి చూపేది) పెట్టగానే ఓరియన్ నెబ్యులా రెక్కలు విప్పుకుని కనిపిస్తుంది. ఊరి లైట్ల మసకని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ బాగా తీసేస్తుంది, కాకపోతే ఖాళీ ఆకాశం ఎలా ఉందో కొలవడానికి పెట్టే శాంపిల్ పాయింట్లు నెబ్యులా మీద పడితే దాన్నీ తుడిచేస్తుంది, చూసుకుని పెట్టాలి. మెనూలు అలవాటవడానికి టైం పడుతుంది. హార్డ్ డిస్క్‌లో జాగా మాత్రం బాగా ఉంచుకోండి, స్టాకింగ్‌లో పుట్టే ఫైళ్ళు చాలా చోటు తింటాయి.