హావ్‌లాక్‌లో పాత మిత్రులకు ఒక బస: వరండాకు మంచి మార్కులు, వంటగదికి ఓ మోస్తరు

కాకినాడలో కలిసి ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు డల్లాస్, దుబాయ్, మెల్‌బోర్న్, హైదరాబాద్, విశాఖపట్నాల్లో తలా ఒకచోట స్థిరపడిన మా మిత్రబృందం ఈ ఫిబ్రవరిలో అండమాన్ దీవుల్లోని హావ్‌లాక్‌లో కలుసుకుంది. 2018 డిసెంబరులో ఈ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు గాని, ఓడ టికెట్లు ఇచ్చేవారి దగ్గర నుంచి ఆటోవాళ్ల దాకా మాకు అందరి నోటా పాత పేర్లే వినిపించాయి కాబట్టి నేనూ వాటినే వాడుతున్నాను. మేము దిగింది గోవిందనగర్ తీరంలో, అక్కడివారు మూడో నంబరు బీచ్ అనే చోట, ఒక బెంగాలీ కుటుంబం నడుపుతున్న కాటేజీల్లో. మంచితోపాటు లోపాలు కూడా రాస్తున్నందువల్ల ఆ బస పేరు ఇవ్వడం లేదు. ఆ రోడ్డు పొడవునా అటువంటివి మరికొన్ని ఉన్నాయి. వాటిలో దేన్ని ఎంచుకున్నా ఇక్కడ చెప్పిన సంగతులు చాలావరకు వర్తిస్తాయి.

చాలా ఏళ్ల తరవాత కలుసుకునే స్నేహితులు బస వెతికేటప్పుడు సముద్రం ఎంత దగ్గర, ఏసీ ఉందా, ఈతకొలను ఉందా అని అడుగుతారు. నన్నడిగితే మొదట అడగవలసింది, రాత్రి పదకొండు గంటలకు అందరూ ఒకేచోట కూర్చుని, గొంతు తగ్గించుకోకుండా మాట్లాడుకునే చోటు ఉందా అని. పెద్ద రిసార్టుల్లో విల్లాలు తోట అంతటా విసిరేసినట్టు ఉంటాయి. భోజనశాలలో పది దాటితే బల్లలు తుడిచేస్తారు. చివరికి ఎవరో ఒకరి గదిలో, మంచం అంచున ఇద్దరు, సూట్‌కేసు మీద ఒకరు కూర్చోవలసి వస్తుంది. అప్పటికి దుబాయ్ మిత్రుడు ఆవలిస్తాడు, సభ ముగుస్తుంది. మేము ఎంచుకున్న బస ఈ ఒక్క పరీక్షలో పూర్తిగా నెగ్గింది.

అక్కడి కాటేజీలన్నీ పోకచెట్లు, కొబ్బరిచెట్ల నడుమ ఒక వరుసలో ఉన్నాయి. వాటి ముందు, రేకుల కప్పు కింద, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వరండా. మన కోనసీమ ఇళ్ల ముందు ఉండే అరుగు లాంటి సిమెంటు గట్టు దాని పొడవునా సాగుతుంది, మధ్యలో రెండు పేము కుర్చీలు, బరువైన చెక్కబల్ల ఒకటి ఉంటాయి. ఎవరికి నిద్ర వస్తే వారు లేచి నాలుగడుగులు వేసి తమ గదిలోకి వెళ్లిపోవచ్చు. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. అమెరికా నుంచి వచ్చినవాడికి అర్ధరాత్రి పట్టపగలు, మెల్‌బోర్న్ నుంచి వచ్చినవాడికి రాత్రి తొమ్మిదికే కళ్లు మూతలు. ఇంతమంది నిద్రవేళలు కుదరని చోట అటువంటి వరండా ఎంత పనికివచ్చిందో చెప్పలేను. యజమాని అక్కడ దీపాలు కూడా మసకగానే పెట్టించాడు. రాత్రిపూట ఖాళీ గవ్వల్లో దూరి బతికే చిన్న పీతలు తీరం నుంచి పైకి వచ్చి ముంగిట్లో తిరుగుతుంటాయి కాబట్టి టార్చి లేకుండా దిగవద్దని మొదటి రోజే హెచ్చరించాడు. నిజంగానే, మెట్టు దిగబోతూ టార్చి వేస్తే, ఉసిరికాయంత గవ్వ ఒకటి పాదం దగ్గర ఆగి, కాళ్లు లోపలికి లాక్కుని, వెలుగు తప్పించగానే మళ్లీ నడక సాగించింది.

వంటగది విషయానికి వస్తే, రుచికి వంక పెట్టడానికి లేదు, వేళలకు మాత్రం చాలా వంకలున్నాయి. 1950ల్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం ఈ దీవిలో భూములిచ్చి స్థిరపరిచింది. గోవిందనగర్, రాధానగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్ అన్న పేర్లు ఆ ఊళ్లవే. కాబట్టి ఇంటి వంట అంటే బెంగాలీ వంటే: ఆవపిండి పట్టించి అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన చేప, పలచని పప్పు, బంగాళదుంప వేపుడు, అన్నం. ఆవ పెట్టిన కూరలు తెలిసిన గోదావరి జిల్లాల వారికి ఆ చేప కొత్తగానూ అనిపిస్తుంది, పరిచయంగానూ అనిపిస్తుంది. అయితే రాత్రి భోజనానికి ఏం కావాలో సాయంత్రం నాలుగు లోపు చెప్పి తీరాలి; ఆ లెక్క ప్రకారమే చేపలు తెస్తారు. తొమ్మిదికి పొయ్యి ఆర్పేస్తే ఆ తరవాత కాచిన నీళ్లు కూడా దొరకవు. రాత్రి రెండింటికి ఆకలితో లేచే డల్లాస్ మిత్రుడు బిస్కెట్లతో సరిపెట్టుకున్నాడు. కబుర్ల కోసం కలిసేవారికి అర్ధరాత్రి టీ అవసరమని ఇటువంటి బసలు నడిపేవారు గుర్తించాలి; ఒక ఎలక్ట్రిక్ కెటిల్, నాలుగు కప్పులు వరండాలో పెడితే ఈ ఫిర్యాదు సగం తీరిపోతుంది.

వంటగదిలో సాయం చేసే కుర్రవాడు తెలుగువాడు కావడం మాకు కలిసివచ్చింది. ఇందులో ఆశ్చర్యం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఈ అబ్బాయి తాతగారిది శ్రీకాకుళం జిల్లా. తాను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే అయినా యాస మాత్రం ఇంకా ఆ జిల్లాదే. రెండో రోజు నుంచి మా కోసం విడిగా వంజరం పులుసు పెట్టి, వడ్డిస్తూ "ఏటండి బాబూ, కారం సరిపోనాదా?" అని అడిగేవాడు. విశాఖ మిత్రుడు అతనితో మాటల్లో పడితే మా పళ్లెంలోకి అన్నం రావడం ఆలస్యమయ్యేది. సిబ్బంది సేవకు ఇవ్వగల మార్కులన్నీ ఆ అబ్బాయికే ఇస్తాను.

గదుల గురించి ఎక్కువ రాయనక్కర లేదు. పడకలు శుభ్రం, దోమతెరలు చిరుగులు లేనివి, స్నానానికి వచ్చే నీరు కొద్దిగా ఉప్పన. దీవుల్లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల మీద నడుస్తుంది కాబట్టి కోతలు మామూలే. బసకు సొంత జనరేటర్ ఉంది గాని అది ఏసీని మోయదు. ఫ్యాన్లు తిరుగుతాయి, అంతే.

ఫోను సంగతి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లాలి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైన తరవాత దీవుల్లో ఇంటర్నెట్ బాగుపడిన మాట నిజమే అయినా, ఈ బసలో వైఫై వంటగది గోడకు ఆనుకుని నిలబడితే తప్ప అందదు, మొబైల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఒకరికి ఆఫీసు సమావేశం తప్పనిసరి కాగా, సగంలో లైను తెగి, అతను స్కూటీ వేసుకుని జెట్టీ దగ్గర బజారుకు పరుగెత్తవలసి వచ్చింది. గదిలో వైఫై ఉంటుందని బుకింగ్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది, కాబట్టి ఈ లోపాన్ని నేను ఉదారంగా చూడలేను. సెలవుల్లో ఫోను లేకపోతేనేం అనేవారు ఇంట్లో వృద్ధ తల్లిదండ్రులను వదిలి వచ్చినవారి ఆందోళన కూడా ఆలోచించాలి.

సముద్రం ముంగిట్లోనే ఉందంటే ఎప్పుడంటే అప్పుడు దిగవచ్చని కాదు. తూర్పు వైపున్న ఈ తీరంలో పోటు వేళ నీరు చెట్ల మొదళ్ల దాకా వస్తుంది, ఆటు వేళ చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, చచ్చిన పగడపు దిబ్బలు బయటపడతాయి. చెప్పులు లేకుండా నడిస్తే అరికాళ్లు కోసుకుపోతాయి. యజమాని ఆటుపోట్ల వేళలను రోజూ పొద్దున్నే పలక మీద సుద్దతో రాసి వరండాలో వేలాడదీసేవాడు. ఖర్చు లేని ఈ చిన్న సదుపాయం ఎంతో ఖరీదైన హోటళ్లలోనూ నేను చూడలేదు. ఈతకు, అలల్లో ఆటకు పడమటి వైపున్న రాధానగర్ బీచ్‌కే పోవాలి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమ బీచ్ అన్నదీ, 2020లో పరిశుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిందీ అదే. ఆ పొగడ్తలు అతిశయోక్తి కావు. అడుగున ఎంత దూరం వెళ్లినా మెత్తని ఇసుకే. అయితే అక్కడ మొసళ్ల హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవని ఎవరూ అనుకోకూడదు: 2010లో ఆ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో మరణించింది. కాపలావారు గీసిన హద్దు దాటకుండా ఉండడమే మంచిది.

రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలనుకునేవారు గడియారాన్ని మన ఊరి లెక్కన చూడకూడదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుందని మేము చదువుకునే రోజుల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. హావ్‌లాక్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. ఫలితంగా ఫిబ్రవరిలో కూడా అక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు మునుగుతాడు, ఆ వెంటనే కాపలావారు ఈలలు వేసి అందరినీ నీళ్లలోంచి బయటికి పంపుతారు. మధ్యాహ్న భోజనం ముగించి, కాసేపు నడుం వాల్చి, తీరిగ్గా నాలుగున్నరకు బయలుదేరే తెలుగు అలవాటు ఇక్కడ పనికిరాదు. తిరుగు ప్రయాణానికి ఆటోలు దొరకడం కష్టం కాబట్టి వచ్చిన ఆటోనే ఆపి ఉంచుకోవడం మేలు. బస వారు ఏర్పాటు చేసిన ఆటో మమ్మల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఈదడం కోసం బస వారు పక్కనున్న డైవింగ్ కేంద్రానికి పంపుతారు. మొదటిసారి దిగేవారిని శిక్షకుడు చేయి వదలకుండా, గరిష్ఠంగా పన్నెండు మీటర్ల లోతు లోపే తిప్పుతాడు. మా వయసు వారికి చెప్పవలసిందేమంటే, దిగే ముందు ఆరోగ్య వివరాల పత్రం నింపాలి. ఉబ్బసం ఉన్నా, బీపీ మాత్రలు వాడుతున్నా వైద్యుడి ధ్రువపత్రం అడుగుతారు, దాన్ని ఇంటి దగ్గరే తీసుకుని వెళ్లడం తెలివైన పని. మా వాళ్లలో ఇద్దరు ఆ పత్రం లేక ఒడ్డునే ఉండి మా చెప్పులకు కాపలా కాశారు. డైవింగ్‌కూ విమాన ప్రయాణానికీ మధ్య కనీసం పద్దెనిమిది గంటల వ్యవధి ఉంచాలి కాబట్టి చివరి రోజుకు దాన్ని వాయిదా వేయకూడదు. తీరంలో దొరికే పగడపు ముక్కలను జేబులో వేసుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు.

ఓడల విషయంలో ఈ బస తీసుకున్న శ్రద్ధ అభినందించదగినది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు ఓడలు గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తాయి, ప్రభుత్వ ఓడలకు ఇంకాస్త సమయం పడుతుంది. మేము వెళ్లిన వారంలో సముద్రం పోటెత్తి ఒక ప్రైవేటు ఓడ రద్దు కాగా, దుబాయ్ మిత్రుడు పోర్ట్ బ్లెయిర్‌లో చిక్కుకుపోయాడు. టికెట్టు అమ్మిన ఏజెంటు ఫోను ఎత్తలేదు. కాటేజీల యజమాని మాత్రం తనకు తెలిసినవారికి చెప్పి మర్నాటి ప్రభుత్వ ఓడలో చోటు ఇప్పించడమే గాక, రాని రాత్రికి ఆ గది అద్దె కూడా తీసుకోలేదు. వెబ్‌సైట్లలో "రద్దుకు డబ్బు వాపసు లేదు" అని పెద్ద అక్షరాలతో రాసుకునే హోటళ్ల మధ్య ఇది చెప్పుకోదగ్గ సంగతి.

సీజనులో కాటేజీ అద్దె రాత్రికి నాలుగు వేల రూపాయల లోపే పడింది. భోజనం, స్కూటీ అద్దె విడిగా. కార్డు తీసుకునే యంత్రం ఉన్నా సిగ్నల్ లేనప్పుడు అది పనిచేయదు, దీవిలో ఏటీఎంలు కొద్దిగానే ఉన్నాయి, కాబట్టి నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్లేవారికి వరండా మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. చిన్నపిల్లలున్నవారికి రాత్రి తొమ్మిది తరవాత పాలు వేడిచేసే దిక్కు ఉండదు. అటువంటివారు ఇంకొంచెం ఖర్చు పెట్టి వేరే చోటు చూసుకోవచ్చు. మా మాదిరిగా మధ్యవయసు స్నేహితులు మాత్రం వరుసగా ఉన్న గదులన్నిటినీ కలిపి తీసుకుంటే వరండా మొత్తం తమదే అవుతుంది. బుకింగ్ యాప్‌లో అలా అడగడానికి వీలు లేదు, నేరుగా ఫోను చేసి చెప్పాలి. ఓడ రద్దయినా విమానం తప్పకుండా, తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా తేదీలు చూసుకోవాలి.