జాగ్రత్త: కెమెరాలు బిగించి వెళ్లినవారి ఫోనులో మన కార్యాలయం

హైదరాబాద్‌లోని మా హక్కుల సంస్థ కార్యాలయంలోనూ, ఇద్దరు సహచరుల ఇళ్లలోనూ సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్), గుమ్మానికి డిజిటల్ తాళం పెట్టించాము. పేరున్న కంపెనీ సరుకే, బిల్లూ వారంటీ కూడా ఉన్నాయి. అమ్మి బిగించిన దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతి ఆ ఒక్క దుకాణానికే పరిమితమైనది కాదు.

బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ డీవీఆర్‌ను తన సొంత ఖాతాలో నమోదు చేసుకుని, అక్కడి నుంచి మా ఫోన్లకు షేర్ చేసి వెళ్లాడు. కొంతకాలానికి మేము సంస్థ పేరిట ఖాతా తెరిచి, పరికరం మీదున్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయగా, అది ఇప్పటికే మరొక ఖాతాకు జోడించి ఉందన్న సందేశం వచ్చింది. వాడుకరుల జాబితా తెరిస్తే అడ్మిన్‌తో పాటు మేమెవరమూ పెట్టని ఇంకో పేరు కనిపించింది. డిజిటల్ తాళంలోనూ ఆ టెక్నీషియన్ పెట్టిన మాస్టర్ కోడ్ (తాళాన్ని ఎప్పుడైనా తెరవగల కోడ్) అలాగే ఉంది. దుకాణంవారిని అడిగితే, రిపేరు వచ్చినప్పుడు అక్కడి నుంచే సరిచేయడానికి అందరికీ ఇలాగే చేస్తామని తాపీగా చెప్పారు.

మనలాంటి హక్కుల సంస్థల వద్దకు లాకప్‌లో దెబ్బలు తిన్నవారు, కులాంతర వివాహం చేసుకుని ప్రాణభయంతో వచ్చిన జంటలు, కోర్టులో సాక్ష్యం చెప్పవలసినవారు వస్తారు. ఎవరు ఏ రోజు వచ్చి ఎంతసేపు కూర్చున్నారో బయటివారికి తెలిస్తే చాలు, వారికి ముప్పు తప్పదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పౌరహక్కుల నాయకుడు డాక్టర్ ఎ. రామనాథంను ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు; 2000 నవంబరులో మరో పౌరహక్కుల నాయకుడు టి. పురుషోత్తంను హైదరాబాద్‌లో నరికి చంపారు. ఇంత చరిత్ర ఉన్న చోట, మన గుమ్మం ఎవరి ఫోనులో కనిపిస్తున్నదో మనకు తెలియకపోవడం ఎంతమాత్రం తగదు.

సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం భద్రతా పరీక్షలను తప్పనిసరి చేసింది. అది మంచిదే, కానీ ఆ పరీక్ష పరికరానికే గాని బిగించేవారు తెరిచే ఖాతాకు వర్తించదు. అందుచేత మిగతా డబ్బు చెల్లించే ముందే పరికరాన్ని మీ ఈమెయిల్‌తో మీ చేత్తో నమోదు చేసుకోండి, అడ్మిన్ పాస్‌వర్డ్‌ను, పాస్‌వర్డ్ మరచిపోతే కోడ్ వచ్చే ఫోను నంబరును మార్చండి, వాడుకరుల జాబితాను చివరిదాకా చూడండి. బయటి నుంచి చూడవలసిన అవసరం లేకపోతే ఇంటర్నెట్ అనుసంధానమే వద్దు. కెమెరాలు గుమ్మం వైపు, మెట్ల వైపు ఉండాలి, ఫిర్యాదుదారు కూర్చునే కుర్చీ వైపు ఎన్నడూ ఉండకూడదు; మాటల రికార్డింగ్ ఆపివేయాలి.

హార్డ్ డిస్క్ విషయం మరీ ముఖ్యం. మా డిస్క్ పాడైతే వారంటీ కింద కొత్తది ఇచ్చి పాతది తీసుకువెళ్తామన్నారు, మేము ఇవ్వలేదు. పాడైన డిస్క్ నుంచి కూడా చాలాసార్లు దృశ్యాలను తిరిగి రాబట్టవచ్చు. కొత్త డిస్క్ ఖరీదు మనమే పెట్టుకున్నా సరే, పాతది గడప దాటనివ్వవద్దు.

ఇప్పటికే మీకు ఇలా జరిగి ఉంటే తొందరపడి రీసెట్ చేయకండి, ఆ ఖాతా ఆనవాళ్లు, లాగిన్ వివరాలు చెరిగిపోవచ్చు. ముందుగా యాప్ సందేశాన్ని, వాడుకరుల జాబితాను, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చూపే లాగ్‌ను ఫోటో తీసి, బిల్లుతో కలిపి భద్రపరచండి. అంతవరకూ డీవీఆర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి ఉంచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అనుమతి లేకుండా లోపలికి చూశారనే ఆధారం దొరికితే సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల విషయమై న్యాయవాదిని సంప్రదించండి.