షాపింగ్ పిచ్చి మీద సెటైర్: ‘డాన్ ఆఫ్ ద డెడ్’ మేలా, ‘సబర్బికాన్’ మేలా?

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వేయడానికి మంచి సినిమా చెప్పమని బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లు ఈమధ్య తెగ అడుగుతున్నారు. విల్లాల మీద, మాల్స్ మీద సెటైర్ కావాలట, కానీ తెర నిండా తెల్లవాళ్లే ఉండకూడదట. నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: జార్జ్ రొమేరో ‘డాన్ ఆఫ్ ద డెడ్’ (1978), జార్జ్ క్లూనీ ‘సబర్బికాన్’ (2017).

కథ వింటే సబర్బికానే గెలవాలి. పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో ఇళ్లు కట్టిన కంపెనీ నల్లవాళ్లకు అమ్మేది కాదు. 1957లో మైయర్స్ అనే నల్లజాతి కుటుంబం అక్కడ పాత యజమాని దగ్గర ఇల్లు కొనుక్కుని దిగితే, గుంపులు మూగి రాళ్లు రువ్వాయి. క్లూనీ దీన్నే సినిమాలోకి తెచ్చాడు. ఒక సీను మాత్రం అద్భుతం: సూపర్‌మార్కెట్‌లో ఆ ఇంటావిడ ఏం తీసుకున్నా ధర 20 డాలర్లేనంటాడు మేనేజర్. కొనడమే పౌరసత్వమైన ఊళ్లో ఆమెను కొననివ్వరు. సినిమా అంతా ఇదే పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ కెమెరా గబగబా మాట్ డామన్ ఇంటి హత్యల వైపు పరుగెడుతుంది. ఆ కుటుంబం కూరలో కరివేపాకే. వాళ్లు భరిస్తారు, మౌనంగా ఉంటారు. వాళ్లేం మాట్లాడుకుంటారో, దేనికి ముచ్చటపడతారో మనకు తెలియదు.

డాన్ ఆఫ్ ద డెడ్‌లో జాంబీల (లేచి తిరుగుతూ మనుషుల్ని తినే శవాల) నుంచి పారిపోయిన నలుగురు ఒక మాల్‌లో దాక్కుంటారు. అందులో పీటర్ (కెన్ ఫోరీ) నల్లజాతి పోలీసు. బుర్ర పనిచేసేది ఎక్కువగా అతనికే. తలుపులకు ట్రక్కులు అడ్డం పెట్టించే దగ్గర అతని మాటే చెల్లుతుంది. నాకు అంతకంటే ముఖ్యమైంది వేరే ఉంది. పీటర్ కూడా ఆ సరుకు చూసి మురిసిపోతాడు. ప్రపంచం మునిగిపోతుంటే మాల్‌లోని బ్యాంకులో నోట్ల కట్టలు తీసుకుని, సెక్యూరిటీ కెమెరాకు పోజులిస్తాడు. సెటైర్ దెబ్బ అతనికీ తగులుతుంది. నా తూకం ఇక్కడే మొగ్గింది. బాధితుడిగా చూపించడం ఎవరైనా చేస్తారు, అందరిలాగే ఆశపోతుగా చూపించాలంటే అతన్ని మనిషిగా లెక్కేయాలి.

మన సొసైటీల్లోనూ అంతేగా. పనమ్మాయిని సర్వీస్ లిఫ్ట్‌లోనే ఎక్కమంటారని, గేటు దగ్గర సంచి తెరిపిస్తారని చెబితే ‘అయ్యో పాపం’ అనేవాళ్లు బోలెడుమంది. అదే అమ్మాయి ఈఎంఐలో మంచి ఫోను కొంటే? ‘దానికెందుకండీ అంత ఫోను!’

పీటర్ విషయంలోనూ ఒకటి గుచ్చుకుంటుంది. ఆ నలుగురిలోని తెల్లజంట స్టీఫెన్, ఫ్రాన్‌లకు క్యాండిల్‌లైట్ డిన్నర్ ఏర్పాటు చేసి, తనే వెయిటర్‌లా వడ్డించి తప్పుకుంటాడు. రొమేరో కావాలని పెట్టాడో లేదో గానీ, సినిమా అయ్యాక వాదించుకోవడానికి పనికొస్తుంది. (ముగింపు చెప్పేస్తున్నా, వద్దనుకుంటే ఈ రెండు వాక్యాలు దాటేయండి.) తుపాకీ తలకు పెట్టుకున్న పీటర్ ఆఖరి క్షణంలో మనసు మార్చుకుంటాడు. గర్భిణి ఫ్రాన్, అతను, ఇద్దరే హెలికాప్టర్‌లో బయటపడతారు.

మిగతావి పొడిపొడిగా. ‘ద స్టెప్‌ఫోర్డ్ వైవ్స్’ (1975) ఆడవాళ్ల విషయంలో పదునుగానే ఉంటుంది కానీ, నల్లజాతి జంట కనబడేది చివర్లో సూపర్‌మార్కెట్ సీనులో, అదీ కాసేపే. 2004 రీమేక్‌లో ఒక గే జంటను చేర్చారు, పదును పోగొట్టారు. ‘ద జోన్సెస్’ (2009) నేటి ఇన్‌ఫ్లుయెన్సర్లను ముందే పసిగట్టిన సినిమా, అయితే ముఖ్య పాత్రలన్నీ తెల్లవాళ్లే.

కాబట్టి డాన్ ఆఫ్ ద డెడ్ వేయండి. రెండు గంటల పైనే ఉంటుంది, పేగులు బయటికి లాగే సీన్లున్నాయి. పిల్లల్ని, డిన్నర్‌ని ముందే పంపించేయండి.