ఈవెంట్ ఎమిటర్‌తో ప్లగిన్లు: ఆఫ్ చేసినా ఆగని లిజనర్లు

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లన్నీ (విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) కొన్నేళ్లుగా నోడ్ జేఎస్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఈవెంట్ ఎమిటర్ మీదే నడుస్తున్నాయి. 'ఫలానాది జరిగింది' అని ఒక కబురు (ఈవెంట్) వదిలితే, దానికోసం కాచుకున్న ఫంక్షన్లని (లిజనర్లని) పిలిచేది ఈ ఎమిటర్. దాన్ని తీసేసే ఉద్దేశం ఇప్పటికీ లేదు. ఒక్క విషయంలో మాత్రం దాని మీద నాకు చెప్పలేనంత కోపం. లిజనర్‌ని తీసేయమంటే, తీసిందో లేదో చెప్పదు.

ముందు నచ్చింది చెప్తాను. ఇన్వాయిస్ తయారవగానే కోర్ (అసలు ప్రోగ్రామ్) ఒక ఈవెంట్ వదిలేసి ఊరుకుంటుంది. మెయిల్ పంపేది, పీడీఎఫ్ దాచేది, ఆడిట్ లాగ్ రాసేది, దేని పని అది చేసుకుపోతుంది. కొత్త ప్లగిన్ కావాలంటే ఫోల్డర్‌లో పెట్టి ఆన్ చేయడమే. కోర్‌లో ఒక్క లైన్ కూడా ముట్టుకోనక్కర్లేదు. ఎవరు వింటున్నారో కోర్‌కి తెలియకపోవడమే దీని అందం అని కొత్తగా చేరినవాళ్లకి నేనే చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఓ కస్టమర్ దగ్గర్నుంచి ఫిర్యాదు: ఒకే ఇన్వాయిస్‌కి వరసగా మెయిళ్లు వస్తున్నాయని. డేటాబేస్‌లో చూస్తే ఇన్వాయిస్ ఒక్కటే. లాగ్‌లో చూస్తే ఈవెంట్ వెళ్లింది ఒక్కసారే. మెయిల్ క్యూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందేమోనని అందరూ దాని వెనక పడ్డారు, అక్కడా ఏమీ దొరకలేదు. మా సిస్టమ్‌లలో ఎంత ప్రయత్నించినా మెయిల్ ఒక్కటే వస్తోంది. చివరికి లైవ్ సర్వర్‌లోనే లిజనర్ కౌంట్ ప్రింట్ చేయిస్తే, ఒక్క మెయిల్ ప్లగిన్ పేరు మీదే అరడజను లిజనర్లు కూర్చుని ఉన్నాయి. సెట్టింగ్స్ పేజీలో అడ్మిన్ ఆ ప్లగిన్‌ని ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడల్లా ఒకటి పెరిగింది. మేమేమో కోడ్ సేవ్ చేసిన ప్రతిసారీ ప్రాసెస్ మొత్తం రీస్టార్ట్ అయ్యేలా పెట్టుకున్నాం కాబట్టి మాకు కనపడే అవకాశమే లేదు.

అసలు సంగతి ఆ ప్లగిన్ ఆఫ్ అయ్యేటప్పుడు నడిచే ఒక్క లైన్‌లో ఉంది. ఆన్ చేసేటప్పుడు ఫంక్షన్‌కి బైండ్ పెట్టి (ఏ ఆబ్జెక్ట్ తరఫున నడవాలో కట్టిపెట్టి) ఇచ్చారు, తీసేటప్పుడూ మళ్లీ బైండ్ పెట్టి ఇచ్చారు. చూడటానికి రెండూ ఒకటే. కానీ బైండ్ చేసిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది. ఎమిటర్ పోల్చేది రిఫరెన్స్‌ని (కోడ్ ఒకటేనా అని కాదు, అచ్చంగా అదే ఫంక్షనా అని) కాబట్టి, ఆ కొత్త ఫంక్షన్ దాని లిస్టులో లేదు. లేనప్పుడు ఎర్రర్ ఇవ్వాలి, కనీసం ఫాల్స్ అని చెప్పాలి కదా? అదేం లేదు. ఎమిటర్‌నే తిరిగి చేతికిచ్చి ఊరుకుంటుంది. పేజీలో 'ఆఫ్' అని ఉంటుంది, లోపల ప్లగిన్ ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి పట్టుకుపోయినవాడిలా వస్తూ పోతూనే ఉంటుంది.

ఒక ఈవెంట్‌కి లిజనర్లు 10 దాటితే ఎమిటర్ హెచ్చరిస్తుంది కదా అంటారు. నిజమే. కానీ మా ప్రాజెక్టులో ఆ వార్నింగ్ చికాకు పడలేక ఎవరో ఏనాడో ఆ లిమిట్‌ని సున్నా చేసి పెట్టారు. సున్నా అంటే హద్దే లేదని అర్థం.

ఇప్పుడు ప్లగిన్ చేతికి అసలు ఎమిటర్ ఇవ్వడం లేదు. మధ్యలో చిన్న రేపర్ (ఎమిటర్ మీద మేం రాసుకున్న పై పొర) ఉంది. ఏ ప్లగిన్ ఏ ఈవెంట్‌కి ఏ ఫంక్షన్ ఇచ్చిందో అది రాసిపెట్టుకుంటుంది, ఆఫ్ చేయగానే అన్నీ తనే తీసేస్తుంది. తీసేసే పని ప్లగిన్ రాసేవాళ్లకి అప్పజెప్పడం మానేశాక ఆ టెన్షన్ పోయింది. ప్రతి లిజనర్ చుట్టూ ట్రై-క్యాచ్ (ఎర్రర్‌ని అక్కడే పట్టుకునే కోడ్) కూడా అందులోనే పెట్టాం. ఎమిట్ (ఈవెంట్ వదిలే పిలుపు) సింక్రనస్, అంటే లిజనర్లని ఒకదాని తర్వాత ఒకటి అక్కడికక్కడే నడుపుతుంది కాబట్టి, ట్రై-క్యాచ్ లేకుంటే నమోదైన వరసలో ఒకటి ఎర్రర్ విసిరితే వెనక ఉన్నవి అసలు నడవవు, ఎర్రర్ తిరిగొచ్చి కోర్‌కే తగులుతుంది. అసింక్ (పని తర్వాతెప్పుడో పూర్తిచేసే) ఫంక్షన్లదైతే ఇంకో కథ. వాటి కోసం ఎమిట్ ఆగదు, రిజెక్షన్‌ని (వాటిలో వచ్చే ఎర్రర్‌ని) ఎవరూ పట్టుకోకపోతే నోడ్ 15వ వెర్షన్ నుంచి ప్రాసెసే పడిపోతుంది.

అంటే, ఎవరు వింటున్నారో తెలియకపోవడం అందమన్నాను గానీ, ఇప్పుడు మా అడ్మిన్ పేజీలో ఏ ఈవెంట్‌ని ఎవరు వింటున్నారో చూపించే పట్టిక ఉంది. రోజూ నేను మొదట తెరిచేది అదే.

ఈవెంట్ టార్గెట్ (ఇలాంటి పనే చేసే, బ్రౌజర్లలోనూ ఉండే పద్ధతి) కూడా కొన్నాళ్లు వాడి చూశాను. అబార్ట్ సిగ్నల్ (రద్దు చేయమని చెప్పే సంకేతం) ఇచ్చి నమోదు చేస్తే, ఒక్క అబార్ట్‌తో ప్లగిన్ లిజనర్లన్నీ పోతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు దాన్ని చూడటం మంచిది. మాకు పాత ప్లగిన్లు బోలెడున్నాయి, వాటన్నిటినీ తిరగరాసే ఓపిక లేదు.

మాది ఒకే ప్రాసెస్, చిన్న టీమ్, ప్లగిన్లన్నీ మాలోవాళ్లు రాసినవే. అందుకే ఇది సరిపోతోంది. బయటివాళ్ల ప్లగిన్లు తీసుకోవాల్సి వస్తే మాత్రం వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) తన ఎక్స్‌టెన్షన్లని నడిపినట్టు వేరే ప్రాసెస్‌లో పెడతాను తప్ప, ఈ రేపర్‌ని నమ్ముకోను. లిమిట్‌ని సున్నా నుంచి 30కి మార్చాం. ఇంతవరకూ ఆ వార్నింగ్ రాలేదు.